రెండో బిగింపు

కొండమీద, ఆసుపత్రి క్వార్టర్స్
సోమవారం

పిడుగూ,

ఎలా ఉన్నావే? నేను బాగానే ఉన్నాను, జీపే బాగా లేదు. ఇక్కడ ఫోను సిగ్నల్ అందదని తెలుసు కదా, అందుకే సరుకుల లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అందగానే నాన్నకి చదివి వినిపించు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆయన నా చేతిరాత చదవలేరు. నువ్వే గట్టిగా, తొందరపడకుండా చదువు.

సంగతేమిటంటే, మొన్న దిగువ ఊళ్ళకి మందులు తీసుకుని వెళ్తున్నాను. ఘాట్ రోడ్డు దిగాక తిన్నని దారి వస్తుంది, అక్కడ కాస్త వేగం అందుకుంటాను. అరవై దాటిందో లేదో, ఎడమ చక్రం ఒక గుంటలో పడి లేచింది. అంతే, స్టీరింగ్ నా చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలు వణుకు కాదే. బండి ముందు భాగమంతా ఊడి చేతికొస్తుందేమో అనిపించింది. వెనక సీట్లో కాంపౌండరు గారు తనకి తెలిసిన దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలిచారు. నెమ్మదిగా వేగం తగ్గించుకుంటూ వస్తే, కాసేపటికి ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. దిగి చూస్తే నాలుగు చక్రాలూ ఉన్నాయి. నా కాళ్ళే ఉన్నాయో లేవో తెలియలేదు.

ఆ తర్వాత కూడా అదే వరస. గుంట తగలాలి, వేగం ఉండాలి. ఆ రెండూ కలిస్తే చాలు, పూనకమే.

నాన్నని అడుగు. పెద్ద స్ప్రింగులూ పెద్ద టైర్లూ వేసి జీపుని ఎత్తు చేసింది ఆయనే కదా, వింటే చాలు, తెలిసిపోతుంది. ఆ ఎత్తు లేకపోతే నేను ఇక్కడ ఒక్క వాగు కూడా దాటలేను. కాబట్టి ఎత్తు తగ్గించే మాట ఎత్తకు. నువ్వు ఏదేదో ఊహించుకుని కంగారు పడకు, నాన్న చూసుకుంటారు.

నీ అక్క


షెడ్డు
శుక్రవారం

దొరసాని గారి సముఖానికి,

తమరి ఉత్తరం చేరింది. లారీ డ్రైవరు షెడ్డు ముందు ఆపి, హారన్ కొట్టి మరీ "పెద్దమ్మాయిగారి ఉత్తరం" అని అరిచాడు. వీధి వీధంతా తొంగి చూసింది. నేను ఇక్కడ ఇంజన్లు దించి ఎక్కిస్తుంటే ఎవరూ తల తిప్పరు గానీ, నువ్వు ఒక కాగితం మడిచి పంపితే అందరికీ పండగే.

నాన్న చెప్పినవి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ముందు చక్రాలు చూడాలట. అంత పెద్ద టైర్లకి బ్యాలెన్స్ కొంచెం తప్పినా ఆ ఊపంతా స్టీరింగ్‌లోకి వస్తుంది. రిమ్ముల లోపలి వైపు చెయ్యి పెట్టి చూడు, వాగుల్లో తిప్పుతున్నావు కాబట్టి బురద ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. అది గీకించి, కింద టౌనులో బ్యాలెన్సింగ్ చేయించు. గాలి కూడా అన్ని చక్రాల్లో సమానంగా ఉందో లేదో చూసుకో.

వణుకు వచ్చినప్పుడు బ్రేకు మీద ఎక్కి నిలబడకు. నువ్వు చేసిందే సరైన పని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి నెమ్మదిగా వేగం తగ్గించు.

ఇంకో మాట. అక్కడ ఎవరో ఒకరు వచ్చి "డ్యాంపర్ వేయించండి మేడమ్, అన్నీ సర్దుకుంటాయి" అంటారు. స్టీరింగ్ రాడ్డుకి పక్కన బిగించే గొట్టం అది, ఊపుని అణిచి పడుతుంది. జబ్బేమిటో తెలియకుండా నొప్పి తెలియని సూది వేసినట్టు. నువ్వు నర్సువి, నీకు వేరే చెప్పాలా? వెయ్యనివ్వకు.

నాన్న బాగున్నారు. వేళ్ళలో పట్టు తగ్గింది, చిన్న బోల్టులు జారిపోతున్నాయి. అందుకని స్టూలు మీద కూర్చుని నా పనికి వంకలు పెట్టడమే పనిగా పెట్టుకున్నారు. జీపుని రోజూ తుడుస్తున్నావా? తుడవవని తెలుసు. ఆ బండి నా చేతికి వచ్చి ఉంటే దాని కింద బురద ఎండనిచ్చేదాన్నా?

ఇట్లు
తమరి రాతగుమాస్తా


కొండమీద, క్వార్టర్స్
గురువారం

నా బంగారు పిడుగూ,

నాన్నకి వెయ్యి దండాలు చెప్పు! రిమ్ముల లోపల నిజంగానే బురద పెచ్చులు. గీకించి టౌనులో బ్యాలెన్సింగ్ చేయించాను. ఒక చక్రానికి ఎన్ని సీసపు ముక్కలు అతికించాల్సి వచ్చిందో చూసి టైర్ల షాపాయనే నోరు తెరిచాడు. వణుకు చాలా తగ్గింది. బండి మొహం చూడకుండా, ఉత్తరం విని జబ్బు పట్టేశారంటే అది నాన్నకే చెల్లింది. మా డాక్టరు గారికి చెప్తే, "మీ నాన్నగారిని ఇక్కడికి బదిలీ చేయించండి, ఎక్స్‌రే మిషను ఖర్చు తప్పుతుంది" అన్నారు. ఊరంతా చాటుకున్నాను అనుకో.

నీకూ థాంక్సే. ఓపిగ్గా రాసిపెట్టావు. నీ చేతిరాత కూడా కాస్త బాగుపడింది.

పూర్తిగా మాత్రం పోలేదే. నిన్న ఒక పెద్ద గుంటలో పడ్డప్పుడు మళ్ళీ కొట్టుకుంది, కాకపోతే ఇదివరకంత కాదు. ఆసుపత్రి వ్యాను నడిపే మీసాల డ్రైవరు అచ్చం నాన్న చెప్పినట్టే వచ్చి, డ్యాంపర్ వేయిద్దామన్నాడు. మా నాన్న వద్దన్నారని చెప్పి పంపేశాను. ఇప్పుడేం చెయ్యాలో నాన్నని అడిగి రాయి. ఈసారి ఆయన అన్నది అన్నట్టు రాయి, మధ్యలో నీ వెటకారం కలపకు.

సాయంత్రం షెడ్డు మూసేముందు మీరిద్దరూ టీ తాగుతూ ఆవేళ వచ్చిన బండ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు కదూ. ఇక్కడ నాకు టీ దొరుకుతుంది, ఆ కబుర్లే దొరకవు. నువ్వెంత అదృష్టవంతురాలివో నీకు తెలియదు.

నీ అక్క


షెడ్డు
శనివారం

అక్కా,

నాన్న ఏమీ అనలేదు. అన్నదంతా నేను. చక్రాలు చూడమన్నది నేను, బురద సంగతి చెప్పింది నేను, డ్యాంపర్ వద్దన్నది నేను. నీ రెండు ఉత్తరాలూ నాన్నకి చదవలేదు. లారీ వచ్చే వేళకి ఆయన ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. నా పనిముట్ల పెట్టెలో అడుగున ఉన్నాయి.

నా పేరుతో చెప్తే నువ్వు వినవని నాన్న పేరు పెట్టాను. బుద్ధి తక్కువ పని, ఒప్పుకుంటాను. కానీ నీ ఉత్తరం చదివాక ఒళ్ళు మండిపోయింది. జబ్బు పట్టింది నేనైతే దండాలు ఆయనకి, చేతిరాత బాగుందన్న మెప్పు నాకా? నేనేమన్నా ఒకటో తరగతి పిల్లనా?

ఎందుకు చదవలేదో కూడా చెప్తాను. నీ ఉత్తరం వస్తే ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో నువ్వు చూడవు, నేను చూస్తాను. ఇక ఆ రోజంతా షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెప్తారు, మా పెద్దది కొండల్లో ఒక్కతే జీపు నడుపుతుంది అని. ఆ పక్కనే నేను గేర్‌బాక్సు విప్పుతూ ఉంటాను. మా చిన్నది గేర్‌బాక్సు విప్పుతుంది అని ఎవరికీ చెప్పరు. కళ్ళ ముందు కనబడుతున్నదే కదా, చెప్పడం దేనికని కాబోలు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం పెట్టేది నేను, ఆయన బిగించిన ప్రతి బండికీ, కిందకి దించాక రెండో బిగింపు వేసేది నేను. మెచ్చుకోలు మాత్రం కొండ ఎక్కి కూర్చుంది.

సరే, అది అలా ఉంచు. బండి సంగతి చూద్దాం. చక్రాల బ్యాలెన్స్ వణుకుని లేపుతుంది గానీ, అంతగా ఊగడానికి ఎక్కడో ఒక కీలు వదులై ఉండాలి. అది పట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బండి చదునైన చోట నాలుగు చక్రాల మీదే నిలబెట్టు, జాకీ వద్దు. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్ళు అడ్డుపెట్టు. ఒకరు ఇంజను వేసి కూర్చుని స్టీరింగ్‌ని కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండోవాళ్ళు కిందకి దూరి ఒక్కో కీలు మీద వేలు ఆనించి చూడాలి. రాడ్డుల చివర్లు, చక్రం దగ్గరి బంతి కీళ్ళు, ఆఖరున అడ్డరాడ్డు. అడ్డరాడ్డు అంటే ముందు ఇరుసు పక్కకి జారకుండా దాన్ని బండి ఛాసిస్‌కి పట్టి ఉంచే పొడవాటి రాడ్డు. ఎక్కడ వదులుంటే అక్కడ వేలికి తెలుస్తుంది. కంటికి కనపడకపోవచ్చు, వేలికి తెలుస్తుంది.

కిందకి నువ్వే దూరు. ఇంకొకరి వేలు నాకు నమ్మకం లేదు.

చెల్లి


కొండమీద
మంగళవారం

చెల్లికి,

నా ఉత్తరాలు నాన్నకి చదవకుండా దాచేశావా? నేను ఇక్కడ కూర్చుని, ఆయన వింటున్నారు, నవ్వుతున్నారు, నాకోసం ఆలోచిస్తున్నారు అని మురిసిపోతుంటే, అవి పనిముట్ల పెట్టెలో గ్రీజు పూసుకుంటున్నాయా? పైగా ఆయన అనని మాటలు అన్నట్టు రాస్తావా? నీ నోటికి హద్దు లేదని తెలుసు, చేతికి కూడా లేదని ఇప్పుడే తెలిసింది.

నువ్వు చెప్పిన పరీక్ష చేశాను. కాంపౌండరు గారు స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు, నేను కిందకి దూరాను. బంతి కీళ్ళు బాగున్నాయి. రాడ్డుల చివర్లు బాగున్నాయి. అడ్డరాడ్డు ఛాసిస్‌కి కలిసే చోట మాత్రం, నాన్న అతికించిన బ్రాకెట్ దగ్గర, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వేలి కింద టిక్కుమంటోంది. బోల్టు రంధ్రంలో కాస్త అటూ ఇటూ జరుగుతున్నట్టుంది. మీసాల డ్రైవరు చూసి, ఎత్తు చేసిన బండ్లకి ఆ మాత్రం ఆట మామూలేనన్నాడు.

అతని చేత డ్యాంపర్ వేయించాను. నువ్వు వద్దన్నావు కాబట్టే వేయించానేమో, నాకే తెలియదు. వణుకు పోయింది. అదే గుంటలో అంతే వేగంతో వెళ్ళాను, చెయ్యి కూడా కదల్లేదు.

ఈ ఉత్తరమైనా నాన్నకి చదువు. చదివావని ఆయనకే తెలిసిన గుర్తు ఏదైనా రాస్తే తప్ప నమ్మను.

అక్క


షెడ్డు
గురువారం

అక్కా,

తిట్టు, పడతాను. ముందు ఆ జీపు ఆపు.

నీ వేలికి తగిలిందే జబ్బు. ఆ టిక్కుమనేది మామూలు ఆట కాదు. బోల్టు రంధ్రంలో జరుగుతోందంటే రంధ్రం కోలగా అరిగిపోయిందని అర్థం. ఇరుసు మొత్తాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టూ, ఆ ఒక్క బ్రాకెట్టూ. గుంటలో పడ్డప్పుడల్లా ఆ దెబ్బంతా బ్రాకెట్ అతుకు మీద పడుతుంది. ఇదివరకు వణికి నీకు చెప్పేది. ఇప్పుడు డ్యాంపర్ దాని నోరు నొక్కింది. చెప్పడం మానేసింది గానీ అరగడం మానలేదు. ఒకరోజు ఆ బ్రాకెట్ ఊడి వస్తే నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి అటు వెళ్ళదు. ఘాట్ రోడ్డు మలుపులో అది జరిగితే ఏమవుతుందో రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

ఆ బ్రాకెట్ కోసి పారెయ్యాలి. కొత్తది వెయ్యాలి. అంతవరకూ బండి కదపకు.

నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. అవును, నాకు కుళ్ళే. ఆ జీపు మీద నాకు మొదటి నుంచీ కన్నుంది. దాన్ని ఎత్తు చేసినన్నాళ్ళూ నాన్న నన్ను దగ్గరికి రానివ్వలేదు. "ఇది పెద్దదానికి నా చేత్తోనే చేసి ఇవ్వాలి, నువ్వు ముట్టుకోకు" అన్నారు. ఒక్క స్పానరు అందించనివ్వలేదు. నేను బయట మెట్టు మీద కూర్చుని ఎవరిదో కార్బురేటరు కడుగుతూ ఏడ్చాను. ఇప్పుడైనా చెప్తున్నాను, ఆ జీపు నీకు దక్కినందుకు కడుపు మండింది, ఇంకా మండుతోంది. అయితే నా కడుపుమంటకి ఇక్కడ కూర్చుని అక్కడి బోల్టు రంధ్రాన్ని అరగదీసేంత బలం లేదే. నన్ను నమ్మకపోతే పోయావు, నీ వేలినైనా నమ్ము.

చెల్లి


కొండమీద
బుధవారం

చెల్లికి,

నువ్వే ఒప్పుకున్నావు కదా, ఇక నేను వేరే చెప్పేదేముంది. ఆ జీపు నీకు దక్కలేదు కాబట్టి నాన్న చేసిన పనిలో తప్పు ఉండి తీరాలి. ఒకసారి ఆయన పేరు వాడుకున్నావు, ఇప్పుడు ఆయన పనినే కోసెయ్యమంటున్నావు.

నాకూ మంటలు ఉన్నాయి, వింటావా? నీకు ఆయన చేతిలో విద్యంతా ఇచ్చారు. ఏ శబ్దం ఎందుకొస్తుందో, ఏ నట్టు ఎంత బిగించాలో అన్నీ నీకే. నేను షెడ్డులోకి వస్తే "బట్టలు పాడవుతాయి, ఇంట్లోకి పోయి చదువుకో" అనేవారు. మీరిద్దరూ ఒకే బండి కింద పడుకుని గుసగుసలాడుకుంటుంటే, నేను గుమ్మంలో నిలబడి మీ నాలుగు కాళ్ళూ చూస్తూ ఉండేదాన్ని. చదువుకోవడం నాకిచ్చిన వరం అని అందరూ అన్నారు. నాకు గెంటేసినట్టే ఉండేది. జీవితం మొత్తానికి ఆయన నాకోసం, నా ఒక్కదాని కోసం, తన చేత్తో చేసిన వస్తువు ఈ జీపు. అందులో ఆ బ్రాకెట్ ఆయన కొలిచి, కోసి, అతికించింది. దాన్ని ఎవరో వెల్డరు చేత కోయించి చెత్తలో పారెయ్యమంటావా? నీ దగ్గర ఆయన చేసినవి వంద ఉన్నాయి. నా దగ్గర ఇదొక్కటే.

జీపు హాయిగా నడుస్తోంది. వచ్చే సోమవారం నెలలు నిండిన ఇద్దరు ఆడవాళ్ళనీ, మా కాంపౌండరు గారినీ ఎక్కించుకుని కింద పెద్దాసుపత్రికి దించాలి. వాళ్ళకి దారి పొడుగునా కుదుపు లేకుండా తీసుకెళ్తానని మాటిచ్చాను. నన్ను భయపెట్టే ఉత్తరాలు ఇక రాయకు.

అక్క


షెడ్డు
శనివారం, పొద్దున

అక్కా,

ఈ ఉత్తరం నీకు తెచ్చి ఇస్తున్నది నాన్నే. ముందు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి తర్వాత చదువు.

నీ సోమవారం ప్రయాణం సంగతి చదివాక నాకు ముద్ద దిగలేదు. నీ ఉత్తరాలన్నీ పెట్టెలోంచి తీసి, నాన్న ముందు కూర్చుని మొదటి నుంచీ చదివాను. నేను రాసినవి కూడా ఒక్క మాట మింగకుండా నోటితో చెప్పాను. కార్బురేటరు కడుగుతూ ఏడ్చిన సంగతి కూడా. ఆయన తిట్టలేదు. నీ గుమ్మం మాట వచ్చినప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"దానికి రెండో బిగింపు ఎవరు వేశారు?"

మా పద్ధతి నీకు తెలియదు కదా, చెప్తాను. బండి జాకీల మీద ఉన్నప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి, అప్పుడు నాన్న బోల్టులు బిగిస్తారు. తర్వాత బండిని కిందకి దించుతాం. బరువు స్ప్రింగుల మీద పడగానే అడ్డరాడ్డు సర్దుకుంటుంది, ఆ బోల్టులు మళ్ళీ కాస్త వదులవుతాయి. అప్పుడు నేను పొడుగు స్పానరుతో దూరి గట్టిగా బిగిస్తాను. ఆయన మొదటిది, నేను రెండోది. నాకు చెయ్యి తిరిగినప్పటి నుంచీ ఇదే పద్ధతి. నీ జీపు దించాక, ఆయన అలవాటు కొద్దీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. రెండో బిగింపు వేసే మనిషి బయట మెట్టు మీద అలిగి కూర్చుంది.

"ఎవరూ వెయ్యలేదు నాన్నా" అన్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

ఇదంతా నేను రాస్తే నువ్వు నమ్మవని నాకు తెలుసు. నాన్న అన్నారని ఒకసారి అబద్ధం రాశాను, ఇప్పుడు నిజంగా అన్నా ఆ మాటకి విలువ లేకుండా నేనే చేసుకున్నాను. అందుకే మాటని కాదు, మనిషినే పంపిస్తున్నాను. ఆయన్ని ఇంట్లోంచి పంపడం నాకు ఇష్టమని అనుకోకు. నీ ఉత్తరం కూడా ఆయనకి ఇవ్వలేకపోయిన దాన్ని, ఆయన్నే నీకు ఇవ్వాల్సి వచ్చింది. లారీ ఎక్కించి వెనక్కి తిరిగితే స్టూలు ఖాళీగా ఉంటుంది. షెడ్డులోకి వెళ్ళబుద్ధి కాదు.

గోనెసంచిలో కొత్త బ్రాకెట్, కొత్త బోల్టు ఉన్నాయి. రాత్రి మందం రేకు కోసి నేనే చేశాను, బలానికి వెనక ఒక పక్కబద్ద కూడా అతికించాను. ఆయన వేళ్ళు సహకరించవు, వెల్డింగు మీ ఊరి వెల్డరు చేత వేయించు, నాన్న పక్కన నిలబడి చెప్తారు.

ఆయన చలికి తట్టుకోలేరు. దుప్పట్లు రెండు కప్పు.

పిడుగు


కొండమీద
బుధవారం

పిడుగూ,

బ్రాకెట్ కోసేశాం.

నాన్న లారీ దిగి నీళ్ళు కూడా తాగలేదు. తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళి, నేను ఎంత వద్దన్నా వినకుండా నేల మీద పడుకుని కిందకి దూరారు. నన్ను ఎక్కి స్టీరింగ్ ఆడించమన్నారు. నాలుగుసార్లు తిప్పానో లేదో "చాలు, దిగు" అన్నారు. నేను కిందకి వంగి చూస్తే, ఆయన బ్రాకెట్ మీద రంగు గోటితో గీకుతున్నారు. రంగు కింద పగులు. పైనుంచి సన్నగా మొదలై, అంచు దాకా వెళ్ళిపోయింది. గోరంత ముక్క మాత్రమే పట్టుకుని ఉంది. బోల్టు బయటికి తీస్తే దాని మెడ ఒక వైపు అరిగి సన్నబడిపోయింది.

"ఇంకో రెండు గుంటలు" అన్నారు నాన్న.

పిడుగూ, సోమవారం పొద్దున ఆ ఆడవాళ్ళిద్దరూ మూటలు సర్దుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నారు, జీపు కోసం. వాళ్ళని వ్యానులో పంపించి నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని వాంతి చేసుకున్నాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నేను వినకపోవడానికి కారణం బోల్టూ కాదు, బ్రాకెట్టూ కాదు. ఆ మాట చెప్పింది నువ్వు కావడమే. క్షమించమని ఒక్క ముక్కలో రాసెయ్యలేను, ఎదురుపడ్డప్పుడు చెప్తాను.

వెల్డరు కొత్తది అతికించాడు. బండి దించాక నాన్న పొడుగు స్పానరు నా చేతికిచ్చి రెండో బిగింపు వెయ్యమన్నారు. నాకు ఎంత సంబరమైందో! బలమంతా పెట్టి లాగాను. స్పానరు జారింది, నా పిడికిలి ఛాసిస్‌కి కొట్టుకుని తోలు లేచిపోయింది. ఆయన స్పానరు లాక్కుని "నీకు సూదులే గతి" అని, మీసాల డ్రైవరు చేత బిగింపించారు. డ్యాంపర్ కూడా విప్పించేసి, అరవై మీద ఆ గుంటలోంచే తోలమన్నారు. తోలాను. ఏమీ లేదు. టీ గ్లాసు పెట్టుకున్నా తొణకదు.

ఇక ఒక సంగతి ఉంది. నిన్నంతా రాయాలా, మానాలా అని కొట్టుకున్నాను. నువ్వు అక్కడ లేవు, నేను రాయకపోతే నీకు ఎప్పటికీ తెలియదు. నాకొక్కదానికే తెలిసి ఉంటుంది. దాన్ని దాచుకుంటే నాకు హాయిగా ఉంటుందనుకున్నాను గానీ ఉండటం లేదు.

గోనెసంచిలోంచి నీ బ్రాకెట్ తీసినప్పుడు, వెల్డరు చూసి "ఏ కంపెనీదండీ?" అని అడిగాడు. నాన్న పక్కబద్ద అతుకు పొడుగునా బొటనవేలు నడిపించారు, ఒక చివర నుంచి ఇంకో చివరకి, మళ్ళీ వెనక్కి. అక్కడ డాక్టరు గారున్నారు, కాంపౌండరు గారున్నారు, మీసాల డ్రైవరు ఉన్నాడు, చూడ్డానికి వచ్చిన రోగులు కూడా ఉన్నారు. అందరూ వినేలా అన్నారు. "మా చిన్నది చేసింది. నా చెయ్యి బాగున్న రోజుల్లో కూడా ఇంత బాగా నేను వెయ్యలేదు."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు చూడను కూడా లేదు. నాకెంత మండిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా రాశాను.

నాన్న ఇక్కడ చల్లగాలి బాగుందంటున్నారు. కొన్నాళ్ళు ఉంచుకుంటాను.

నీ అక్క


షెడ్డు
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం చదివాను. పని మధ్యలో ఉన్నాను, చేతులకి నూనె, కాగితం నిండా మరకలు పడ్డాయి. అయినా నాలుగుసార్లు చదివాను.

నాన్నని నీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోమని రాద్దామని కూర్చున్నాను. రాశాను కూడా. తర్వాత ఆ కాగితం చించేశాను. నాకంత పెద్ద మనసు లేదే.

వచ్చే లారీకి పంపించు. అన్న మాట నిజమే అయితే, ఒక్కసారి నా మొహం చూసి అనమను.

పిడుగు